ఏడో పోగు

మా ఇంట్లో ఒట్టు వేయడం తప్పు. మా నాయన గోరంట్ల దగ్గర ఒక పల్లెలో చర్చి ఉపదేశి. పిల్లల నోట ఒట్టు మాట వినబడిందంటే ఆ పూట అన్నం ఉండదు. అలాంటి ఇంట్లో పుట్టిన రూతమ్మను, ఒట్టు వేసి చెబుతున్నాను... ఇది జరిగింది. నాకే జరిగింది. కునుకు పట్టి ఉంటుందిలే అని మీలో ఒకరు అనబోతున్నారు, నాకు తెలుసు. అనండి. కానీ అంతా విన్నాక అనండి. మధ్యలో అంటే లేచి పోయి పడుకుంటాను.

యుద్ధం రోజులవి. హిందూపురంలో రైలు స్టేషనుకు దగ్గరగా ఒక చిన్న ఆసుపత్రి ఉండేది. పేరు మీకు అనవసరం. నేను అందులో నర్సును. మా డాక్టరుగారిది పెనుకొండ. మద్రాసులో చదివి వచ్చాడు. సన్నటి మనిషి, మాట తక్కువ, నోటుపుస్తకంలో రాసుకోవడం ఎక్కువ. నోటి పుండ్ల మీద ఆయనకు పట్టుదల. మన వైపు బుగ్గన పొగాకు పెట్టుకుని రోజంతా పని చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో చూస్తూనే ఉన్నారుగా. కొందరికి బుగ్గ లోపల తెల్ల మచ్చ వస్తుంది. అది గట్టిపడుతుంది. తర్వాత పుండవుతుంది. క్యాన్సరు అని అప్పట్లో ఎవరూ అనేవాళ్లు కాదు, రాచపుండు అనేవాళ్లు, అది కూడా గొంతు తగ్గించి.

దానికి రేడియం సూదులు గుచ్చితే తగ్గుతుందని డాక్టరుగారు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, బెంగుళూరు నుంచి ఏడు సూదులు తెప్పించాడు. అరువుకే. సీసపు పెట్టెలో పెట్టి, రైల్లో దూరంగా ఒక మూల ఉంచి, దారిపొడుగునా దాన్నే చూస్తూ తెచ్చాడు. సూదంటే బట్టలు కుట్టే సూదంతే. లోపల బోలు, అందులో రేడియం. ఒక కొసన బెజ్జం. ఆ బెజ్జంలో నల్ల పట్టు దారం. సూది మాంసంలోకి దిగిపోయి కనబడదు. దారం మాత్రం నోట్లోంచి బయటికి వస్తుంది. దాన్ని దవడ మీద ప్లాస్టరుతో అంటిస్తాం. ఏడు రోజులు అలా ఉంచాలి. గంటగంటకూ దారాలు లెక్కపెట్టి చీటీ మీద రాయాలి. దగ్గర ఎక్కువసేపు నిలబడకూడదు. లెక్కపెట్టు, రాయి, దూరంగా వచ్చి కూర్చో. ఇదీ మాకు చెప్పిన పద్ధతి.

ఆ సూదులు మొదట గుచ్చింది నారాయణప్పకు. ధర్మవరం మనిషి, పట్టుచీరలు నేస్తాడు. యాభై ఏళ్లుంటాయి. కుడి బుగ్గ లోపల పుండు. ఆయన భార్య రామక్క కూడా వచ్చింది. ఆమెది అచ్చు అతికే పని. అంటే మగ్గం మీద ఒక చీర పోగులు అయిపోతే, కొత్త పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటే కలపాలి. వేల పోగులు. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలు పక్కపక్కన పెట్టి, బొటనవేలితో ఒక్క మెలి తిప్పుతారు. ముడి ఉండదు. కంటికి ఆనదు. ఒకే పోగు అనుకుంటారు.

సూదులు గుచ్చిన రోజు గుమ్మం బయట నిలబడి రామక్క నాతో చెప్పింది.

"నర్సమ్మా, మా ఇంటాయన చేతులు ఊరికే ఉండవు. నిద్దర్లో గూడా పోగులు ఏరతాంటాడు. ఆ దారాలు చేతికి తగిలినాయంటే పీకి పెడతాడు. చేతులు కట్టేయండి."

"కడతాంలేమ్మా. నువ్వు మాత్రం ఈడ ఉండకూడదు. సూదులు తీసేదాకా చుట్టాల్ని లోపలికి రానీరు."

"ఉండనులే. ఇంటికాడ అచ్చు సగంలో ఉండాది, పోవాల." రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చింది. "పోగు యాదన్నా తెగితే మటుకు నాకు చెప్పి పంపించు."

"ఇదేమన్నా మగ్గమా, రామక్కా?" అన్నాను నవ్వుతూ. ఆమె నవ్వలేదు. సాయంత్రం బండికి వెళ్లిపోయింది.

మొదటి రాత్రి ఏమీ లేదు. రెండో రాత్రీ లేదు. ఏడు, ఏడు, ఏడు... చీటీ నిండా ఏడులే. నారాయణప్ప మాట్లాడలేడు. బుగ్గ వాచి, నోరు వేలెడు కూడా తెరుచుకోదు. పగలైతే పలక మీద రాసి చూపించేవాడు. మంచి చేతిరాత. "నర్సమ్మా, నీ చీర అంచు రంగు పోతాంది, ఉతికేటప్పుడు ఉప్పు వేయి" అని ఒకసారి రాశాడు. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి నా చీర అంచు మీద ధ్యాస. రాత్రయితే రెండు చేతులూ మెత్తటి గుడ్డతో మంచం పట్టెకు కట్టేదాన్ని. ఆ కట్లు నేనే వేసేదాన్ని, ఇంకెవరినీ వేయనిచ్చేదాన్ని కాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మూడో రాత్రి, శుక్రవారం...

వరండా చివరి గది ఆయనది. నేను వరండాలో బల్ల ముందు కూర్చున్నాను. తలుపు తెరిచే ఉంది. బల్ల దగ్గర్నుంచి ఆయన తల, దిండు కనబడతాయి. కిరసనాయిలు దొరకని కాలం కదా, లాంతరు వత్తి బాగా తగ్గించి ఉంచాం. చలి. సాయంత్రం దోమలకని కాల్చిన వేపాకు వాసన ఇంకా గాలిలో ఉంది. స్టేషను వైపు ఒక గూడ్సు బండి వచ్చి ఆగింది. ఎంతసేపటికీ కదలదు. ఇంజను ఊపిరి ఒక్కటే... ఉస్సు... ఉస్సు... అని. వినీ వినీ అది బండి చప్పుడో, నారాయణప్ప ఊపిరో తేడా తెలియకుండా పోయింది.

నేను నిద్రపోలేదు. కాళ్లు చల్లబడితే చెప్పులు తీసి, పాదాలు పైకి పెట్టుకున్నాను. ఒంటి గంటకు లేచి వెళ్లి లెక్కపెట్టాను. ఏడు. రాశాను. చేతి కట్లు చూశాను. వేసినవి వేసినట్టే ఉన్నాయి. వచ్చి కూర్చున్నాను.

అప్పుడు... చిన్న శబ్దం.

ఎలా చెప్పాలి... ఎండిన ఆకు మీద ఎవరో వేలు పెట్టి రాసినట్టు. సర్... ఆగింది. సర్... మళ్లీ ఆగింది. తొందర లేదు. ఒక లెక్క ప్రకారం వస్తోంది. నాకు భయం వేయలేదు, నిజం చెబుతున్నాను. వింటుంటే హాయిగా ఉంది. చిన్నప్పుడు మా అవ్వ పక్కన పడుకుంటే ఆమె చింతపండు గింజలు తీసే చప్పుడు వినబడేది. అలా ఉంది. తల తిప్పి గదిలోకి చూశాను.

మంచం తల వైపున ఒక ఆడమనిషి కూర్చుని ఉంది.

వీపు ఇటువైపు. తల వంచుకుని ఉంది. చీర రంగు తెలియలేదు. మోచేతులు రెండూ కొంచెం పైకి లేచి ఉన్నాయి. చేతులు నారాయణప్ప దవడ దగ్గర. ఎంతో జాగ్రత్తగా... పసిబిడ్డకు కాటుక పెడుతున్నట్టు... సర్... ఒక మెలి. ఆగి, తల ఇంకా దగ్గరికి వంచి చూసుకుంది.

నాకేమనిపించిందో తెలుసా? ఏమీ అనిపించలేదు. ఎవరో తమ పని తాము చేసుకుంటున్నారు, చేసుకోనీ అనిపించింది. అదే నాకిప్పటికీ వింత. వేరే ఏ రాత్రయినా కేక పెట్టేదాన్ని. ఆ రాత్రి మాత్రం మెల్లగా, నా గొంతు నాకే దూరంగా వినిపిస్తుంటే, "ఎవురమ్మా ఆడ?" అన్నాను.

ఆమె కుడి చెయ్యి పైకెత్తింది. ఉండు, అయిపోయింది... అన్నట్టు.

గూడ్సు బండి కూత వేసి కదిలింది. లాంతరు మంట ఒకసారి వణికింది. నేను దాని వైపు చూశాను. మళ్లీ గదిలోకి చూశాను. మంచం, దిండు, నారాయణప్ప. అంతే. ఆ గదికి ఉన్నది ఒకటే తలుపు. ఆ తలుపుకు ఎదురుగా ఉన్నది నేను. కిటికీకి ఊచలు.

లేచాను. గోడ పట్టుకుని లోపలికి వెళ్లాను. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. చేతి కట్లు... నావే. నా ముడే. లాంతరు దగ్గర పెట్టి దారాలు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు...

ఆరు.

మళ్లీ లెక్కపెట్టాను. ఆరు. దిండు దులిపాను, దుప్పటి ఎత్తి చూశాను, ఉమ్మి గిన్నె చూశాను. అప్పుడు భయమేసింది. దయ్యం కోసం కాదు, సూది కోసం. సూది అంటే ఏమిటో మీకు తెలియదు. చెత్తలో పడితే ఊడ్చేవాడి చేయి పోతుంది. కాలవలో పడితే ఆ నీళ్లు తాగిన వాళ్లకు ఏమవుతుందో డాక్టరుగారికే తెలియదు. డాక్టరుగారి ఇంటికి పరుగెత్తాను. చెప్పులు బల్ల కిందే ఉండిపోయాయి.

ఆయన వచ్చి లెక్కపెట్టాడు. ఆరు.

"నిద్రపోయినావా రూతమ్మా?"

"లేదు సార్."

ఆడమనిషి సంగతి చెప్పలేదు. చెబితే, ఎవరినో లోపలికి పంపానని అనుకుంటాడు. లేదా నాకు మతి చెడిందని అనుకుంటాడు. రెండింట్లో ఏదైనా నా ఉద్యోగం పోతుంది. అందుకే నోరు మూసుకున్నాను.

ఆయన దగ్గర ఒక గాజు సీసా ఉండేది. అందులో రెండు బంగారు రేకులు, ఉల్లిపొర కన్నా పలచన. ఒకదానికొకటి దూరంగా విచ్చుకుని ఉంటాయి. రేడియం దగ్గరికి పోతే దగ్గరై వాలిపోతాయి. ఆ సీసా పట్టుకుని ఆయన, లాంతరు పట్టుకుని నేను. గది మూలలు. వరండా. స్నానాల గది తూము. చెత్తకుప్ప. బాయిలరు బూడిద. ఆ చీకట్లో, చలిలో, రెండు బంగారు రేకుల వైపు చూస్తూ అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగాం. నారాయణప్ప మంచం దగ్గర తప్ప ఆ రేకులు ఎక్కడా కదలలేదు. ఆ తిరగడం కూడా కలలో తిరిగినట్టే ఉంది నాకు.

చివరికి బావి గట్టు మీద కూర్చున్నాడు ఆయన.

"తెల్లారేలోపల దొరకలేదంటే మిగిలినవన్నీ తీసేయాల. తీసి లెక్క చూసి, పెట్టె మొదటి బండికి బెంగుళూరు పంపీయాల. అది వాళ్ల షరతు."

"మూడు రోజులే కదా సార్ అయింది?"

"అదే చెప్తాండా. సగంలో తీస్తే పుండు మళ్లీ లేస్తాది. రెండోసారి సూదులకు లొంగదు. నారాయణప్ప బతకడు." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇంకెవురికీ గూడా ఈ ఊరికి రేడియం రాదు. నన్ను నమ్మి ఇచ్చినారు."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఆయన సీసా తీసుకుని మళ్లీ తూము వైపు వెళ్లాడు. నేను గదికి వెళ్లాను.

నారాయణప్ప మేలుకుని ఉన్నాడు. నా వైపు చూసి కుడి చెయ్యి కదిపాడు. కట్టు విప్పమని. విప్పాను. పలక అందించాను. "ఏడుస్తాండావెందుకు?" అని రాశాడు.

"అన్నా, ఒక సూది పోయింది. దారాలు ఆరే ఉండాయి. తెల్లారితే అన్నీ తీసేస్తారంట." ఇలా చెప్పకూడదు రోగికి. చెప్పేశాను.

ఆయన పలక పక్కన పెట్టాడు. చెయ్యి దవడ మీదికి పోనిచ్చాడు. ఆపబోయాను. కళ్లతోనే ఆగమన్నాడు. బొటనవేలు, చూపుడువేలు... ఒక్కో దారాన్నీ పై నుంచి కొసదాకా తడిమాడు. లాగలేదు. తడిమాడంతే. ఒకటి... రెండు... మూడు... నాలుగో దారం దగ్గర వేళ్లు ఆగాయి. మళ్లీ పైకి వెళ్లాయి. మళ్లీ కిందికి. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత బొటనవేలితో మెల్లగా వెనక్కి మెలి తిప్పాడు. సర్... అదే శబ్దం.

నా కళ్ల ముందే నాలుగో దారం రెండుగా విడిపోయింది. సన్నటి బూడిద దిండు మీద రాలింది.

ఏడు.

రెండు దారాలను పెదవి దగ్గర్నుంచి కొసదాకా ఒక్క పోగుగా అతికారు. మేం రాత్రంతా వెతికింది ఎక్కడికీ పోలేదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి.

"నువ్వే చేసినావా అన్నా, నిద్దర్లో?"

తల అడ్డంగా ఊపాడు. ఎడమ చేతి కట్టు చూపించాడు. అది నేను వేసిన కట్టే. కుడి చేతి కట్టు అప్పుడే, నా చేత్తో విప్పాను. మరి ఎవరు అని అడగలేదు నేను. ఆయనే పలక తీసుకున్నాడు. రాశాడు.

"రామక్క."

బయట డాక్టరుగారి అడుగుల చప్పుడు వినిపించింది. నారాయణప్ప నా మొహం చూసి, అరచేత్తో పలక తుడిచేశాడు.

డాక్టరుగారు దారాలు ఒక్కొక్కటే పట్టుకుని చూశాడు. ప్రతి దానికీ కింద సూది ఉంది. ఏడూ ఉన్నాయి. గోడకు చేరబడి నిలబడిపోయాడు పాపం. "తడికి అతుక్కున్యాయి. పట్టు గదా, తడికి అతుక్కుంటాది" అన్నాడు. నేను అవునన్నాను. తెల్లారింది. మొదటి బండి వెళ్లిపోయింది. పెట్టె మా దగ్గరే ఉంది.

ఏడో రోజు సూదులు తీశారు. సూదులు పెట్టెలోకి వెళ్లాయి. కత్తిరించిన దారాలు చెత్తలోకి వెళ్లాలి. నేను నాలుగో దారం ఒక్కటి కాగితంలో చుట్టి దాచుకున్నాను. దానికి ఒక వైపున మెలి గుర్తు ఇంకా పోలేదు.

మరునాడు పొద్దున బండికి రామక్క వచ్చింది. మొగుణ్ణి చూసి, కాళ్లు ముట్టుకుని, బయటికి వచ్చి నన్ను పక్కకు పిలిచింది.

"నర్సమ్మా, ఆయన నోట్లో పెట్టిన దారం ఏం రంగుది?"

"ఎందుకు?"

"చెప్పు ముందు."

"నల్లది."

మెట్టు మీద కూలబడింది. అక్కడే కూర్చుని చెప్పింది.

"మొన్న శుక్రవారం రాత్రి అచ్చు అతుకుతాండా. ఎర్ర అచ్చు. మా తోడికోడలు పక్కనే ఉండె, దీపం పెట్టుకోని. మధ్యలో ఒక నల్ల పోగు వచ్చె. ఎర్ర అచ్చులో నల్ల పోగు యాడిది అనుకున్యా. అది తడిగా ఉండె నర్సమ్మా. వెచ్చగా ఉండె. దాని పక్కన ఇంకోటి. చేతులు ఊరుకోవు గదా, కలిపి మెలి తిప్పినా. ఎవురో, 'ఎవురమ్మా ఆడ' అన్యారు. 'ఉండు, అయిపాయ' అన్యా. చూస్తే ఎర్ర పోగులే ఉండాయి."

నేను ఆమెతో ఏమీ చెప్పి ఉండలేదు. నారాయణప్ప నోరు ఇంకా తెరుచుకోదు, పలక మీద రాసినా ఆమెకు చదవడం రాదు. అయినా నాకు భయం వేయలేదు. జాలేసింది. మంచి చేద్దామని కూర్చుని మొగుడి ప్రాణం మీదికి తెచ్చేదే ఈమె... ఆ సంగతి ఆమెకు చెప్పబుద్ధి కాలేదు. కాగితం విప్పి దారం ఇచ్చాను. కళ్లు మూసుకుని వేళ్ల మధ్య తిప్పింది.

"నాదే" అంది. "ఈ మెలి నాదే."

మూడు వారాల తర్వాత ఇద్దరూ మళ్లీ వచ్చారు. పుండు మానుతోంది. నారాయణప్ప మాట కొంచెం వస్తోంది. డాక్టరుగారి మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. నోటుపుస్తకం తీసి రాసుకుంటూ, మధ్యలో ఆగాడు. రామక్క చేతి వైపు చూస్తున్నాడు.

"ఆ వేళ్లకు ఏమైంది?"

ఆమె చెయ్యి చాపింది. కుడి బొటనవేలు, చూపుడువేలు. కొసలు ఎర్రగా కంది, పొర లేచి ఉన్నాయి. "పట్టు ఉడకేసే సోడా నీళ్లు తగిలింటాయి సామీ" అంది. నిజమే, సోడా నీళ్లకు కూడా అలా పొక్కుతాయి. చాలామందిని చూశాను. కానీ డాక్టరుగారు తన చెయ్యి ఆమె చేతి పక్కన పెట్టాడు. సూదులు పట్టుకుని పట్టుకుని ఆయన వేళ్ల కొసలు కూడా కందిపోయాయి. అదే ఎరుపు. అదే పొర. అవే రెండు వేళ్లు.

ఆయన నోటుపుస్తకం మూశాడు. తల తిప్పి నన్ను చూశాడు.

"రూతమ్మా... ఆ రాత్రి లోపలికి ఎవురినన్నా రానిచ్చినావా?"

రామక్క నా వైపే చూస్తోంది. నారాయణప్ప కూడా.

"లేదు సార్" అన్నాను.

నలభై ఏళ్లవుతోంది. అబద్ధం ఆడకూడదని పెంచారు నన్ను. ఆ రోజు ఆడానో లేదో... నాకిప్పటికీ తెలియదు.